చింతచెట్టు ఉంటే పండొక్కటే కాదు

పెరట్లో పాత చింతచెట్టు ఉంది, పండు తప్ప దానితో ఇంకేం పని అని అడిగారు. ఆ పండు కూడా ఏడాది తిరక్కుండానే నల్లబడి పురుగు పడుతోందన్నారు కాబట్టి ముందు ఆ సంగతి.

పురుగు జాడీలో పుట్టదు, చెట్టు మీంచే వస్తుంది. పెంకుపురుగు కాయ మీద గుడ్లు పెడితే, పిల్లపురుగు తొలుచుకుంటూ గింజలోకి చేరుతుంది. గింజతో నిలవ చేసిన పండు అందుకే వానాకాలానికి పాడవుతుంది. మాఘ ఫాల్గుణాల్లో పెంకు వేలితో నొక్కగానే పెటుక్కున పగిలి, గుజ్జు పెంకుని వదిలేసి ఉంటే దింపండి. పచ్చిగా ఉండగా దింపితే లోపలి తేమకి బూజు వస్తుంది. కర్రలతో బాదితే చివరి రెమ్మలు విరిగిపోతాయి, కొమ్మ పట్టి ఊపడమే మేలు. పెంకు, ఈనెలు, గింజలు తీసి రెండు మూడు రోజులు ఎండబెట్టి, కిలో పండుకి 80–100 గ్రాముల కల్లుప్పు పొరలు పొరలుగా వేసి జాడీలో అదిమి పెట్టండి. గాలి సందు ఉండకూడదు. అల్యూమినియం, రాగి, ఇనుప పాత్రలు వద్దే వద్దు, పులుపు వాటిని తినేస్తుంది. (ఇత్తడి బిందెలు చింతపండుతో తళతళలాడేదీ ఆ గుణం వల్లే.) ఇక నలుపంటారా, అది గాలికీ వేడికీ వచ్చే రంగు. బూజు, పురుగు లేకపోతే పారేయాల్సిన పని లేదు.

పచ్చి కాయ పచ్చడికి కార్తీక మార్గశిరాలు అదను. లోపల గింజ ముదరకూడదు, ముదిరితే దంచేటప్పుడు చితికి పచ్చడంతా వగరెక్కుతుంది. కిలో కాయకి 200 గ్రాముల కల్లుప్పు, రెండు చెంచాల పసుపు. కాయలు కడిగాక తడి పూర్తిగా ఆరాలి. కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తి, మూడో రోజు ఈనెలు, గింజలు ఏరేసి మళ్ళీ దంచి పెట్టుకుంటే ఏడాది ఉంటుంది. ఎండాకాలంలో చిగురు ఎలాగూ కోసుకుంటారు. మిగిలింది నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే రంగు పోతుంది.

అందరూ పారేసేవి చింతపిక్కలు. నన్నడిగితే అసలు సరుకు అదే. అష్టాచమ్మాకి, వామనగుంటలకి దాచుకున్నవి పోగా మిగిలిన వాటితో జిగురు చేయొచ్చు. కొండపల్లి బొమ్మల్లో పొణికి చెక్క ముక్కల్ని అతికే మక్కు, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిందే. నూలుకి గంజి పట్టించడానికీ ఈ పిండి వాడతారు. గింజల్ని సన్నసెగ మీద వేయిస్తే పైతొక్క పగులుతుంది. రోట్లో దంచి, చెరిగి, తొక్కంతా తీసేయాలి. ఉండిపోతే జిగురు ఎర్రగా మారి కాగితం మీద మరకలవుతాయి. మాడేదాకా వేయిస్తే పట్టు తగ్గుతుంది. లోపలి తెల్ల పప్పుని మెత్తగా విసిరి, ఒక వంతు పిండికి పది వంతుల నీళ్ళు తీసుకోండి. ముందు చన్నీళ్ళలోనే కలపాలి. వేణ్ణీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది, తర్వాత ఎంత తిప్పినా విడవదు. అడుగంటకుండా తిప్పుతూ అరగంట ఉడికిస్తే చిక్కటి పేస్టు వస్తుంది. వేసవిలో మర్నాటికే పులుస్తుంది కనుక ఆ రోజుకి సరిపడానే చేసుకోండి.

ఎండు పుల్లలూ ఊరికే పోవు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్ట మీద మొదటి గీత గీసేది చింతపుల్ల బొగ్గుతోనే. పెన్సిల్ మందం పుల్లలు ఏరి, నిప్పంటుకున్నాక ఇసుకలో కప్పేయాలి. గాలి తగిలితే బొగ్గు కాదు, బూడిద మిగులుతుంది.

కొమ్మ పడిపోతే వంటచెరకు కింద ఇచ్చేయకండి. రోకళ్ళకి, గానుగలకి, మాంసం కొట్టే మొద్దులకి చింతకర్రకి పేరుంది. అయితే గట్టిది మధ్యలోని నల్ల చేవ మాత్రమే, పైనున్న తెల్ల కర్రని పురుగు తొందరగా తొలిచేస్తుంది. చేవ ఉలికి లొంగడం కష్టం కాబట్టి వడ్రంగి ఎక్కువ కూలి అడిగితే బేరమాడకండి.