నల్లద్రాక్షనీ బెంగళూరు బ్లూనీ నేనే కలిపి కొత్త రకం తీయొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, గజపతినగరం దగ్గర. పెరట్లో గింజ లేని నల్లద్రాక్ష తీగలు రెండు పందిరికి పాకించాను. అక్టోబరులో కత్తిరిస్తే చిగురు బాగానే వస్తుంది, తర్వాత ఆకు మీద పసుపు మచ్చలు, అడుగున తెల్ల బూజు వచ్చి పూత గుత్తులు కూడా ఎండిపోతున్నాయి. మా బావమరిది ఇంట్లో బెంగళూరు బ్లూకి ఇంత బాధ లేదు, కాకపోతే పులుపు, నిండా గింజలు. రెండూ సంకరం చేయొచ్చా? డాగ్‌రిడ్జ్ అనే వేరే ద్రాక్ష రకం వేరు మీద అంటు కట్టినా తెగులు ఆగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: అంటు సంగతి ముందు తేల్చేద్దాం. ఆగదు. డాగ్‌రిడ్జ్ నీటి ఎద్దడినీ ఉప్పు నేలనూ తట్టుకోవడానికి పనికొస్తుంది, కానీ పైన ఉండే ఆకు మీ నల్లద్రాక్షదే కదా, బూజు తెగులు వచ్చేది ఆ ఆకుకే.

సంకరం ఆలోచన మాత్రం నాకు నచ్చింది. మనం ఇష్టంగా తినే ద్రాక్ష చాలావరకు యూరప్, పశ్చిమాసియా జాతి. బూజు తెగులు పుట్టిల్లు అమెరికా, 1870ల చివర్లో గానీ అది యూరప్ చేరలేదు, అందుకే ఆ జాతికి దాన్ని తట్టుకునే శక్తి రాలేదు. బెంగళూరు బ్లూలో అమెరికా జాతి రక్తం ఉంది, అయినా దానికి బూజు తెగులు అసలు రాదనుకోకండి. ఆ ఘాటు వాసన, చప్పున ఊడొచ్చే తొక్క అక్కడివే. పుణెలోని అఘార్కర్ సంస్థ వాళ్లు ఏఆర్ఐ-516 అనే ద్రాక్ష రకం తీసింది సరిగ్గా ఇలాగే, అమెరికా జాతి కటాబాను బ్యూటీ సీడ్‌లెస్‌తో కలిపి. తెగుళ్లను బాగా తట్టుకుంటుంది, కానీ దాని పేరంతా రసానికీ జామ్‌కీ వైన్‌కే. మొదటి తరంలోనే తీపి, కరకర, గింజ లేకపోవడం, నిరోధకత అన్నీ ఒక్క మొక్కలో దొరకవు. తట్టుకున్న పిల్లను మళ్లీ మంచి తీపి రకంతో, అదీ ప్రతిసారీ వేరే రకంతో (ఒకదానితోనే కలుపుతూ పోతే మొక్కలు నీరసిస్తాయి) కొన్ని తరాలు కలపాలి. ఇరవై ఏళ్ల పని అనుకోండి. అంతా అయ్యాక తెగులే దారి వెతుక్కోవచ్చు, యూరప్‌లో బియాంకా అనే రకానికి అదే జరిగింది. అందుకే ఇప్పుడు రెండు మూడు నిరోధక జన్యువులను ఒకే మొక్కలోకి తెస్తున్నారు.

అయినా చేస్తానంటే బెంగళూరు బ్లూని తల్లిగా పెట్టుకోండి. మీ నల్లద్రాక్షలో గింజ మధ్యలోనే చచ్చిపోతుంది, దాన్ని తల్లిని చేస్తే పిండాన్ని ల్యాబ్‌లో బతికించాల్సి వస్తుంది, పుప్పొడికైతే ఇబ్బంది లేదు. నల్లద్రాక్షను వారం ముందు కత్తిరిస్తే పుప్పొడి ముందే అందుతుంది, ఆరబెట్టి ఫ్రిజ్‌లో దాచండి. ద్రాక్షపువ్వుకి రేకులన్నీ కలిసి టోపీలా ఉంటాయి. అది విడకముందే సన్న పట్టకారుతో టోపీనీ కేసరాలనూ తీసేసి గుత్తికి కాగితం సంచి కట్టాలి, ఒకట్రెండు రోజులకు పుప్పొడి అద్ది మళ్లీ కట్టేయాలి. ఒక్క గుత్తికే మెడ పట్టేస్తుంది! పండాక గింజలు కడిగి, నీళ్లలో మునిగినవాటిని తడి ఇసుకలో కలిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి విత్తండి. మొలకలకు మందు కొట్టొద్దు. మన వానలే పరీక్ష పెడతాయి, చచ్చేవి చస్తాయి, మిగిలినవే మీవి. కాయ చూడ్డానికి ఇంకో మూడేళ్లు.

ఈలోగా ఉన్న తీగల సంగతి చూడాలి. అక్టోబరు కత్తిరింపు నాసిక్ వైపు పద్ధతి. మనకు అది తుఫాన్ల నెల, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. లేత చిగురు మీద నాలుగు రోజులు ముసురు పడితే ఏ మందూ పూర్తిగా కాయదు. నవంబరు మూడో వారం దాకా ఆగి కత్తిరించండి, కాయ మార్చి నెలాఖరుకు వస్తుంది. కత్తిరించిన వెంటనే, మొగ్గ పగలకముందే ఒక శాతం బోర్డో మిశ్రమం కొమ్మలన్నీ తడిచేలా కొట్టండి. పది లీటర్లకు వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం, విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత ఒకటి చేసి ఆ రోజే వాడేయాలి. కొడవలి మొన ముంచి చూడండి, ఎర్రగా రాగి పడితే ఇంకాస్త సున్నం కావాలి. రాలిన ఆకులు ఏరి కాల్చేయండి, పందిరి కింద గాలి ఆడేలా గుబురు తీసేయండి.

కొత్త తీగ పెట్టాలనుంటే బావమరిది దగ్గర బెంగళూరు బ్లూ కొమ్మ ముక్క తెచ్చుకోండి, ఖర్చు లేదు. ఎకరాల్లో వేద్దామనే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే వద్దంటాను.