నాలుగు సప్లీలు, ఒక సాంబారు బకెట్

ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నానని, సెమ్ పరీక్షలు దగ్గరపడితే నిద్ర పట్టట్లేదని, ఈ ఒత్తిడిని మీరంతా ఎలా తట్టుకున్నారని అడిగారు. ధ్యానం చెయ్యమని ఇప్పటికే పదిమంది చెప్పుంటారు. నేను చెప్పను. మా కాలేజీకీ ఓసారి ఒకాయన్ని పిలిపించి, ఆడిటోరియంలో రెండు గంటలు గాలి పీల్పించి వదిలించారు. రాకపోతే ఆ రోజు అటెండెన్స్ లేదన్నారు. 75 శాతం అటెండెన్స్ కావాల్సిన చోట 74లో ఉన్నవాడికి ఊపిరి ఎక్కడాడుతుంది?

నన్నడిగితే టెన్షన్ రూపాయైతే అందులో పావలా చదువుది, ముప్పావలా ఇంట్లో దాచినదానిది. ఈ లెక్కకి ఆధారం అడక్కండి, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా.

నాది మెకానికల్. రెండో ఏడు అయ్యేసరికి ఎం-1 (లెక్కలు), మెకానిక్స్, థర్మో (థర్మోడైనమిక్స్), ఎఫ్ఎం (ఫ్లూయిడ్ మెకానిక్స్), నాలుగూ పోయాయి. అంటే నాలుగు సప్లీలు, మళ్లీ రాయాల్సిన పరీక్షలు. ఎక్స్‌టర్నల్‌లో, అంటే సెమ్ చివరి పరీక్షలో 35 శాతం, ఇంటర్నల్ మార్కులతో మొత్తం కలిపి 40 వస్తే గట్టెక్కేవాణ్ణి. ఇంట్లో మాత్రం అన్నీ పాసే అన్నాను. అమ్మ అది నమ్మి ఊరంతా చెప్పుకుంది. ఇక అప్పట్నుంచి ఫోన్ మోగితే దడ, మెస్‌లో ఉప్మా చూస్తే కడుపులో తిప్పుడు. ఎఫ్ఎం పుస్తకం తెరిస్తే బెర్నూలీ సమీకరణం బదులు నాన్న మొహం కనబడేది.

ఆ మే నెలలో బాబాయి కూతురి పెళ్లి. బంతిలో సాంబారు నాకు అప్పజెప్పారు. షామియానా కింద ఉక్కపోత, ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో గరిటె. మా పెద్ద మామయ్యకి నోరు ఊరుకోదు. అన్నంలో గుంట చేసుకుంటూ, "ఏరా ఇంజినీరూ, ఎన్ని తన్నాయిరా?" అన్నాడు సరదాకి.

"నాలుగు మామయ్యా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. రెండు ఆకుల అవతలే నాన్న. గరిటె వంగిపోయి, సాంబారు విస్తరి దాటి మామయ్య పంచె మీదకి కారింది. నాన్న తలెత్తి నన్ను ఓసారి చూసి, "ఇటూ కాస్త పొయ్యరా" అన్నాడు. పోశాను. తిన్నాడు.

రాత్రి బండి మీద ఇంటికొస్తుంటే చెరువు కట్ట దగ్గర, "ఒక్కోదానికి ఫీజెంత?" అనడిగాడు. ఇంకేం అడగలేదు. ఆ రాత్రి పడుకున్నవాణ్ణి పొద్దెక్కి ఎనిమిదిన్నరకి లేచాను. అమ్మ మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. ఊళ్లో చెప్పుకుంది తను కదా.

ఆ తర్వాత చదివిందేమీ గొప్పగా కాదు. పాత ప్రశ్నపత్రాలు ఐదారు జిరాక్స్ తీయించి, మళ్లీ మళ్లీ వచ్చినవి పట్టుకున్నా. పదకొండు దాటితే పుస్తకం ముట్టలేదు. నైట్‌అవుట్లు చేసేవాళ్లలో సగంమంది టీకోసం మేలుకునేవాళ్లే, అంతకుముందు నేనూ వాళ్లలో వాణ్ణే. మూడు గట్టెక్కాయి, ఎం-1 ఇంకో ఏడాది వదల్లేదు. చదవడానికి టైమ్ ఏదీ, ల్యాబ్ రికార్డులు ఉన్నాయిగా! సీనియర్ రికార్డు చూసి దించే దానికి కూడా మార్జిన్ వంకరగా ఉందని వెనక్కి కొట్టేవాళ్లు. ఆ సంతకం కోసం స్టాఫ్‌రూమ్ బయట నిలబడ్డ గంటలన్నీ కలిపితే ఎం-1 రెండు యూనిట్లు అయిపోయేవి.

అందరి నాన్నలూ మా నాన్నలా ఉండరు, నిజమే. అలాంటప్పుడు పిన్నికో, అక్కకో, నమ్మకమున్న సారుకో ముందు చెప్పండి. బతకాలని లేదన్నంత వరకూ వస్తే మాత్రం నాలాంటివాళ్ల జవాబులు చదువుతూ కూర్చోకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, ప్రశ్న అంత పొడుగ్గా రాశారు గానీ మీకు ఎన్ని పోయాయో రాయలేదు.