రెండేళ్లు వస్తున్నా మాటలు తక్కువ: డాక్టర్ ఇచ్చిన ఫారం మనం నింపితే నిజం తెలుస్తుందా?

మీ బాబుకి 22 నెలలు, పట్టుమని పది మాటలు రాలేదు, డాక్టర్ మాటల జాబితా ఉన్న ఫారం ఇచ్చి నింపుకు రమ్మన్నారు, "నేను టిక్కులు పెడితే వాడి సంగతి ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. మూడేళ్ల కిందట మా పాప కోసం నేనూ ఇలాంటి ఫారమే నింపాను. అప్పటి టెన్షన్ ఇంకా గుర్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలుస్తుందండి. కొత్త గదిలో కొత్త మనిషి ముందు ఈ వయసు పిల్లలు నోరు విప్పరు. మా పాప అరగంటసేపు నా మెడ పట్టుకుని వదల్లేదు, ఒక్క మాటా అనలేదు. రోజంతా పక్కనుండేది మనం, కాబట్టి ఏ మాట ఎప్పుడంటుందో మనకే తెలుసు. ఇలాంటి జాబితాలు ఎప్పటినుంచో ఉన్నాయి. లెస్లీ రెస్కోర్లా అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1989లో ప్రచురించిన దాంట్లో 310 మాటలుంటాయి. రెండేళ్లు నిండేసరికి 50 మాటలు రాకపోయినా, "అమ్మా దా" లాగా రెండు మాటలు కలపకపోయినా ఇంకాస్త లోతుగా చూడాలన్నది అందులోని లెక్క. మీ బాబుకి ఇంకా రెండు నెలల టైముంది, అయినా ఇప్పుడే నింపడం మంచిదే.

"ఎన్ని మాటలు వచ్చు?" అని అడిగితే నేను ఠక్కున "ఓ పది" అన్నాను. జాబితా ముందు పెట్టుకుని ఒక్కో మాటా చదువుతూ పోతే 27 తేలాయి. చెప్పుల్ని "పుల్లు" అనేది, పిల్లిని "మావ్" అనేది. వాటిని మాటలుగా నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. స్పష్టంగా పలకక్కర్లేదు, ప్రతిసారీ ఒకే వస్తువుకి అదే శబ్దం వాడితే అది మాటే. "ఏదీ, తాత అను" అంటే తిరిగి అనేది మాత్రం వేరు, తనంతట తాను అనేవాటికే టిక్కు పెట్టండి. ఇంట్లో రెండు భాషలుంటే రెండిట్లోని మాటలూ కలిపి లెక్క వేయాలి. రెండు భాషలు వినడం వల్లే మాటలు ఆలస్యమయ్యాయని ఎవరైనా అంటే నమ్మకండి.

నేను పొరబడింది "అర్థం చేసుకుంటుందా?" అన్న చోట. అన్నిటికీ అవునని పెట్టేశాను. స్పీచ్ థెరపిస్ట్ నన్ను చేతులు ఒళ్లో పెట్టుకోమని, ఎటూ చూడకుండా "చెప్పులు తీసుకురా" అనమన్నారు. పాప నా మొహంలోకి చూస్తూ నిలబడింది. మళ్లీ అన్నాను, కదల్లేదు. ఆగలేక నేను తలుపు వైపు చూశాను, అంతే, పరుగెత్తి తెచ్చేసింది. ఇన్నాళ్లూ నా కళ్లనీ చేతుల్నీ చూసి అర్థం చేసుకుంటోందని అప్పుడు తెలిసింది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు. తర్వాత వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. అంతకుముందు ఒక డాక్టర్ "మూడేళ్ల దాకా ఆగండి, అదే వస్తుంది" అన్నారు. ఆ మాట విని ఊరుకున్న నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఫారంలో తక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఎవర్ని ఇంకా పరీక్షించాలో చెప్పడం వరకే దాని పని. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది బడికెళ్లే వయసుకి తోటిపిల్లల్ని అందుకుంటారు. చెప్పింది బాగా అర్థమై, వేలితో చూపిస్తూ సైగలు చేసేవాళ్లకి ఆ అవకాశం ఎక్కువ. కానీ ఫలానా బిడ్డ అందుకుంటాడని రెండేళ్లప్పుడే ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, అందుకే ఊరికే ఎదురుచూడొద్దంటాను. వచ్చిన మాటలు పోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, కావలసినదాన్ని వేలితో చూపించకపోయినా ఫారం సంగతి పక్కన పెట్టి వెంటనే వెళ్లండి. ఆటిజం కోసం ఎం-చాట్ అని 20 ప్రశ్నల ఫారం వేరే ఉంది, అది 16 నుంచి 30 నెలల పిల్లలకి. అదీ అడగండి.

ఒక్క రాత్రిలో నింపేయకండి. ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి, వారం పాటు బాబు ఏ మాటన్నా ఇంట్లో ఎవరు వింటే వాళ్లు రాసేలా చూడండి. మా అత్తగారి దగ్గర మాత్రమే అనే మాటలు నాలుగు అలాగే బయటపడ్డాయి. ఫోన్లో రెండు మూడు చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి. మీకేదైనా అనుమానం ఉంటే ఫారం కింద ఖాళీలో రాయండి, టిక్కులతో పాటు అదీ చూస్తారు. లెక్క ఎంత వచ్చినా సరే, వినికిడి పరీక్ష చేయించకుండా మాత్రం వదలకండి.