అడగండి చెబుతాం: ప్రాణహిత దాటొచ్చిన పులి లెక్క

ప్రశ్న: మాది కాగజ్‌నగర్ దగ్గర ఊరు. చలికాలం వచ్చిందంటే మహారాష్ట్ర దిక్కు నుంచి పులొచ్చిందని, పత్తి ఏరనీకి పోవద్దని చెప్తరు. పేపర్ల మాత్రం పులుల రాకపోకలు మంచివే, జీన్స్ (జన్యువులు) కలవాలె అని రాస్తరు. ఒడిశాకైతే మహారాష్ట్ర పులుల్ని బండెక్కించి మరీ తీసుకపోయిండ్రంట. పులి పులే కదా, ఎక్కడిదైతే ఏంది?
- ఓ రైతు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: పత్తి చేలో నిలబడ్డ మనిషికి జీన్స్ పాఠం చెబితే ఒళ్లు మండుద్ది, ఒప్పుకుంటా. కానీ మీరన్న ఒడిశా కథలోనే జవాబు ఉంది.

అక్కడ సిమిలిపాల్ అడవిలో నల్లపులులు ఉంటాయి. నిజానికి పూర్తి నలుపేం కాదు, చారలు వెడల్పై ఒకదానికొకటి అతుక్కుపోయి మధ్యలో పసుపు అక్కడక్కడ గీతల్లా మిగులుద్ది, ఎవరో తారు పూసి సగంలో వదిలేసినట్టు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉమా రామకృష్ణన్ గారి టీమ్ 2021లో దీని గుట్టు బయటపెట్టింది. టాక్‌పెప్ అనే జీన్‌లో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారింది, అంతే. (కొన్ని ఇంటి పిల్లులకి చారల బదులు సుడులు తిరిగిన మచ్చలుంటాయే, అదీ ఈ జీన్ పనే.) తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి, రెండు కాపీలూ మారినవే వస్తేనే పులి నల్లబడుద్ది.

మరి వేరే అడవుల్లో కనపడని రంగు ఇక్కడ మూడోవంతు పైగా పులుల్లో ఎందుకుంది? ముఖ్యంగా ఉన్నవి కొన్నే, బయట్నుంచి వచ్చేవి లేవు, అందులోనే జతలు కట్టాలి. అలాంటి చోట మంచీ చెడూ చూడకుండా గాలివాటంగా ఏదో ఒక జీన్ పెరిగిపోద్ది, దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. తరాల తరబడి మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఓ అరుదైన జబ్బు పదేపదే బయటపడినట్టే అనుకోండి. ఇక్కడ బయటపడింది రంగు కాబట్టి టూరిస్టులు ఫొటోలు తీసుకుంటున్నారు, రేపు ఇంకేదైనా కావచ్చు.

అందుకే 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా ప్రాంతం నుంచి జమున, జీనత్ అని రెండు ఆడపులుల్ని తెచ్చారు. జీనత్ ఏం చేసిందంటే, ఇదంతా నాకెందుకన్నట్టు ఝార్ఖండ్ మీదుగా బెంగాల్లోకి పోయి, ఫారెస్టోళ్లని పరుగులు పెట్టించి, డిసెంబర్ 29న బాంకురా జిల్లాలో మత్తు ఇంజెక్షన్‌కి దొరికింది. మళ్లీ సిమిలిపాల్‌కే చేర్చారు.

పులి వచ్చినంత మాత్రాన జీన్ ఫ్లో (ఒక చోటి జీన్స్ ఇంకో చోటి వాటిలో కలవడం) అయిపోదు, చాలామంది పొరబడేది ఇక్కడే. వచ్చి, ఉండి, జతకట్టి, ఆ పిల్లలు బతికి వాటికీ పిల్లలు పుడితేనే జీన్స్ కలిసినట్టు. మీ వైపు ప్రాణహిత దాటొచ్చేవాటిలో చాలావరకు తల్లిని వదిలి సొంత అడ్డా వెతుక్కునే కుర్ర పులులే, తోడు దొరక్కపోతే వచ్చిన దారినే పోతాయి, మీకు భయం మిగులుద్ది తప్ప అడవికేం మిగలదు. అదే ఫాల్గుణ అనే ఆడపులి అట్నుంచే వచ్చి మీ కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లల్ని కన్నది చూడండి, లెక్కలోకొచ్చేది అది. పెద్ద గుంపులేం రానక్కర్లేదు, తరానికి ఒకటొచ్చి సంతానం మిగిల్చినా గాలివాటానికి చాలావరకు కళ్లెం పడుద్దని పాత సూత్రం. దానికి దారి ఉండాలి. మన ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబర్ హైవేకే నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి దగ్గర జంతువుల కోసం కింద నుంచి తొమ్మిది దారులు వదిలారు, పులులు వాటిలో నడుస్తున్నాయి కూడా.

ప్రశ్న: అయితే ఎంత దూరం నుంచి తెస్తే అంత మంచిదా? రష్యా పులిని తెచ్చి వదిలితే పోలా?
- డిగ్రీ స్టూడెంట్, గుంటూరు

జవాబు: పోద్ది, ఉన్నవీ పోతాయి! పాత చెకొస్లోవేకియా టాట్రా కొండల్లో ఇదే చేశారు. అక్కడ కుదురుకున్న ఐబెక్స్ అనే కొండమేకల్లోకి టర్కీ నుంచి, సినాయి ఎడారి నుంచి తెచ్చిన రకాల్ని కలిపారు. పుట్టిన సంకర మేకలు చలికాలం బదులు ముందే ఎదకొచ్చి, గడ్డకట్టే ఫిబ్రవరిలో ఈనాయి. పిల్లలు బతకలేదు, ఆ మంద మొత్తం అంతరించింది.

దగ్గర చుట్టాల్ని తెస్తే కథ వేరు. అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లు (ప్యూమా అనే పిల్లి జాతి జంతువులే) ఒకప్పుడు 20, 30 మిగిలాయి, తోక చివర వంకర, మగవాటికి వృషణాలు కిందకి దిగకపోవడం లాంటి లోపాలు. 1995లో టెక్సస్ నుంచి 8 ఆడ ప్యూమాలు తెచ్చి వదిలితే 5 ఈనాయి, తర్వాత పాంథర్లు వంద దాటాయి, వంకర తోకలు తగ్గాయి. ఫ్లోరిడా, టెక్సస్ జంతువుల మధ్య పూర్వం రాకపోకలుండేవి, మనుషులొచ్చి తెంచాం.

ప్రశ్న: మాది మొక్కజొన్న సీడ్ ప్లాట్. పక్క చేను పుప్పొడి పడకుండా దూరం పాటిస్తాం. ప్రకృతిలో దూరం ఎవరు పాటిస్తారు, అన్నీ కలిసిపోవా?
- ఓ గృహిణి, కరీంనగర్ జిల్లా

జవాబు: బలే అడిగారమ్మా. వేల్స్‌లో పాత రాగి గనుల పక్కనే పచ్చిక బయళ్లున్నాయి. గని మట్టిలో రాగి ఎక్కువ, మామూలు గడ్డి గింజ పడితే మొలిచినా చస్తుంది, తట్టుకునే రకమే బతుకుద్ది. గట్టిగా కొన్ని అడుగుల అవతల మామూలు నేల, మధ్యలో గోడా లేదు దూరమూ లేదు, గాలికి పుప్పొడి హాయిగా ఎగిరిపోద్ది. 1960ల్లో పరీక్షిస్తే గాలి వాలు వైపు పచ్చికలో రాలిన గింజల్లో రాగిని తట్టుకునే గుణం బాగానే కనపడింది, అక్కడే పెరిగిన పెద్ద మొక్కల్లో మాత్రం అంత లేదు. ఎందుకంటే మంచి నేలలో ఈ రకం మామూలు గడ్డితో పోటీపడలేక వెనకబడుద్ది. మీ ప్లాట్లో కూలీలు వరసల్లో తిరిగి కేళీలు (వేరే రకం మొక్కలు) పీకేస్తారే, అక్కడ ఆ పని గని మట్టి ఒకవైపు, పక్క గడ్డి ఇంకోవైపు చేస్తున్నాయి, అదీ ఏటా.