బాబాయి కేసు చూసి అమ్మాయి చదువు మార్చకండి

ప్రశ్న: న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మా తమ్ముడికి 47 ఏళ్లు. మేనేజర్ పదేపదే వయసు ఎత్తి మాట్లాడుతుంటే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాడు. మూడు నెలల్లో తీసేశారు. కేసు వేస్తానంటున్నాడు. మా అమ్మాయి సీఎస్‌ఈ ఫైనలియర్. ఏఐలో ఎంఎస్‌కి పంపాలా, గ్రూప్స్ రాయించాలా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నలభై దాటాక మా పిల్లను కూడా ఇలాగే తీసేస్తే? మీ అసలు టెన్షన్ ఇదే కదండీ. ముందు మీ తమ్ముడి సంగతి చెబుతాను.

అమెరికాలో వయసు వివక్షపై 1967 నుంచి చట్టం ఉంది. కనీసం 20 మంది పనిచేసే కంపెనీల్లో 40 నిండినవాళ్లకు అది వర్తిస్తుంది. కానీ వయసు కూడా ఒక కారణమని చూపిస్తే చాలదని 2009లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. వయసు వల్ల కాకపోతే ఉద్యోగం పోయేదే కాదని రుజువు చేయాలి. కష్టమే. అయితే ఫిర్యాదు చేశాడన్న కక్షతో తీసేస్తే అది వేరే తప్పు. నిజాయితీగా, తగిన కారణంతో ఫిర్యాదు చేసి ఉంటే, వివక్ష రుజువు కాకపోయినా కక్షసాధింపు కేసు నిలబడొచ్చు. ఆ మెయిల్ కాపీ జాగ్రత్త చేయమనండి. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు గడువు 180 రోజులు, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో 300. వెంటనే లాయర్‌ని కలవమనండి. మీ తమ్ముడు నోరు విప్పి మంచి పనే చేశారు.

ఇక ఎంఎస్. పాత సిలబస్‌కి ఏఐ అని బోర్డు మార్చిన కోర్సులు చాలా చూశాను, అందుకే నాకు భయం. ఇల్లు తాకట్టు పెట్టి పంపారనుకోండి. హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా దొరికే వ్యవధి 60 రోజులే. నెత్తిన అంత అప్పు పెట్టుకున్న పిల్ల, మీ తమ్ముడిలా మెయిల్ పెట్టగలదా? చట్టం ఉన్నా వాడుకునే ధైర్యం అప్పు తినేస్తుంది.

గ్రూప్స్‌లో భద్రత ఉంది, నిజమే. నోటిఫికేషన్ల కోసం ఏళ్లు గడిచిపోవడమూ నిజమే.

ఒక్క మాట కఠినంగా అంటాను, ఏమనుకోకండి. ఇంత రాశారు, అమ్మాయికి ఏది ఇష్టమో ఎక్కడా రాయలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల మీద నలభై ఏడేళ్ల భయం రుద్దడం న్యాయం కాదండీ. ఆమెకేం మునిగిపోలేదు. రెండేళ్లు ఇక్కడే ఉద్యోగం చేయనివ్వండి, ఎంఎస్ ఆ తర్వాతైనా చేయొచ్చు. ఈ ఆదివారం బాబాయితో ఓ గంట మాట్లాడనివ్వండి. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కొత్త పని నేర్చుకున్నారో ఆయన్నే అడగమనండి.