గడ్డ నిండా రక్షక కణాలే ఉన్నా లింఫోమా ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: మా తమ్ముడి వయసు 26 ఏళ్ళు. మెడకు ఎడమ పక్కన నొప్పి లేని గడ్డ వస్తే మొదట సూది పరీక్ష చేసి, టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. గడ్డ కరగకపోగా రాత్రిపూట జ్వరం, చెమటలు ఎక్కువయ్యాయి. తరువాత గడ్డను తీసి పరీక్షకు పంపితే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్ కణాలు అక్కడక్కడా మాత్రమే ఉన్నాయని, వాటి చుట్టూ లింఫోసైట్లు, ఈసినోఫిల్స్, మాక్రోఫేజ్‌లు విస్తారంగా ఉన్నాయని రిపోర్టులో రాశారు. ఇవన్నీ రోగాలతో పోరాడే కణాలే కదా! ఇన్ని ఉండి ఆ కొద్దిపాటి కణాలను ఎందుకు చంపలేకపోతున్నాయి? మొదటి పరీక్షలో జబ్బు ఎందుకు బయటపడలేదు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రిపోర్టులో పొరపాటేమీ లేదు, ఈ జబ్బు స్వభావమే అది. 1832లో లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన ఈ వ్యాధిలో అసలు క్యాన్సర్ కణాలను, 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో డొరొతీ రీడ్ చేసిన పరిశీలనల కారణంగా, రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు అంటారు. గడ్డలోని మొత్తం కణాల్లో ఇవి తరచుగా నూటికి ఒకటి రెండుకు మించవు. మీ తమ్ముడి మెడ మీద చేతికి తగిలిన వాపులో అధిక భాగం ఆయన సొంత, ఆరోగ్యకరమైన కణాలే.

అయితే అవి అక్కడికి పోరాడటానికి వాటంతట అవి వచ్చినవి కావు, చాలావరకు క్యాన్సర్ కణాలు రప్పించుకున్నవి. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు కీమోకైన్లు, సైటోకైన్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. వాటిలో టార్క్ అనేది కొన్ని రకాల టి-కణాలను (లింఫోసైట్లలో ఒక రకం) ఆకర్షిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-5 ఈసినోఫిల్స్‌కు బలాన్నిస్తుంది. ఇలా చేరిన టి-కణాల్లో చంపే రకం కంటే సహాయక రకం, రోగనిరోధక చర్యను చల్లార్చే నియంత్రక రకం ఎక్కువగా ఉంటాయి. క్యాన్సర్ కణాన్ని ఆనుకుని వలయంగా కూర్చున్న సహాయక టి-కణాలు, దాని ఉపరితలం మీది సీడీ40 అనే ప్రోటీను ద్వారా, బతికి ఉండమనే సంకేతాన్ని అందిస్తాయి. ఒకప్పుడు బి-కణంగా (లింఫోసైట్లలో మరో రకం) పుట్టి, ఆ లక్షణాలను చాలావరకు పోగొట్టుకున్న ఈ కణాలకు ఆ ఊతం చాలా అవసరం. ప్రయోగశాలలో వీటిని విడిగా పెంచడం శాస్త్రవేత్తలకు ఎంతో కష్టమైందంటే పరిసరాల మీద ఇవి ఎంతగా ఆధారపడతాయో ఊహించవచ్చు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కూడా ఈ రసాయనాల ఫలితమే.

ఇక చంపగలిగే టి-కణాలు చేరినా, వాటికి రెండు అడ్డంకులు ఉన్నాయి. టి-కణం తన శత్రువును గుర్తించాలంటే ఆ కణం లోపలి ప్రోటీన్ల ముక్కలు దాని ఉపరితలం మీద ప్రదర్శితం కావాలి. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాల్లో చాలా సందర్భాల్లో ఆ ఏర్పాటే దెబ్బతిని ఉంటుంది. రెండవది పీడీ-ఎల్1 అనే ప్రోటీను. 9వ క్రోమోజోములోని ఒక భాగానికి అదనపు నకళ్ళు ఏర్పడటం వల్ల ఈ కణాలు దాన్ని అధికంగా తయారుచేస్తాయి, చుట్టూ ఉన్న మాక్రోఫేజ్‌లు కూడా దాన్ని ధరిస్తాయి. అది టి-కణం మీది పీడీ-1 అనే ప్రోటీనుకు తగలగానే టి-కణం చర్య ఆగిపోతుంది. నిజానికి ఇది మన రోగనిరోధక శక్తి మన శరీరాన్నే గాయపరచకుండా ఉండేందుకు ప్రకృతి ఇచ్చిన కట్టడి.

పీడీ-1ను 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం కనుగొన్నది. ఆయనకు, జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి లభించింది. పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ అనే మందును ఎన్నో చికిత్సల తరువాత కూడా జబ్బు తిరగబెట్టిన 23 మందికి ఇచ్చి చూస్తే 20 మందిలో గడ్డలు గణనీయంగా తగ్గాయని 2015లో ప్రచురించారు. ఆసక్తికరమైన సంగతేమంటే, ఇలాంటి మందు వాడిన తొలి రోజుల్లో తీసిన గడ్డ ముక్కల్లో చంపే టి-కణాల దాడి కనిపించలేదు, కానీ రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు తగ్గిపోయాయి. చుట్టుపక్కల నుంచి అందుతున్న ఊతం తెగిపోవడమే అందుకు ఒక కారణమని భావిస్తున్నారు. ఇది విని ఆ మందే కావాలని పట్టుబట్టకండి. నాలుగు మందుల ఏబీవీడీ కీమోతోనే అత్యధికులకు, ముఖ్యంగా తొలి దశల్లో, ఈ జబ్బు నయమవుతుంది. నివోలుమాబ్‌ను మొదటి చికిత్సలోనే కలిపి ఇవ్వడం కూడా ఇటీవల మొదలైంది కాబట్టి ఎవరికి ఏది తగినదో, ఖర్చుతో సహా, చికిత్స చేస్తున్న వైద్యుడితోనే మాట్లాడాలి.

మొదటి పరీక్ష విషయానికి వస్తే, సన్నని సూదితో నాలుగు కణాలు తీసి చూడటమంటే మేడారం జాతరలో కళ్ళు మూసుకుని పది మందిని పిలిచి వాళ్ళలో మనకు కావలసిన మనిషి ఉన్నాడా అని వెతకడమే. సూదికి చుట్టూ ఉన్న మామూలు కణాలే చిక్కుతాయి. పైగా టీబీలో కనిపించే గ్రాన్యులోమాలు (రక్షక కణాలు గుంపుకట్టిన చిన్న ముద్దలు) హాడ్జ్‌కిన్ లింఫోమాలో కూడా ఉండవచ్చు. టీబీ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో మెడ గడ్డను చూసి వైద్యుడు ముందు దాన్నే అనుమానించడం సహజం, కానీ టీబీ క్రిమి గానీ, దాని జన్యు పదార్థాన్ని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలో దాని ఆనవాలు గానీ దొరకకుండా నెలల తరబడి మందులు కొనసాగించడం సరికాదని నా అభిప్రాయం. టీబీ గడ్డలు సైతం మందులు వాడుతుండగా కొంతకాలం పెరగవచ్చు కాబట్టి అయోమయం మరింత ఎక్కువ. దాన్ని తీర్చేది గడ్డను పూర్తిగా తీసి, క్యాన్సర్ కణాల మీది సీడీ30, సీడీ15 వంటి ప్రోటీన్లకు రంగు పట్టించే రంజన పరీక్షలతో చూడటమే. మీరు హైదరాబాదులోని ఎంఎన్‌జే ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్ళదలిస్తే, రిపోర్టుతో పాటు గాజు స్లైడ్లను, గడ్డ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులను కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకుని వెళ్ళండి.

రిపోర్టులో మాక్రోఫేజ్‌లు ఎక్కువని ఉన్నంత మాత్రాన దిగులు పడవద్దు. అవి ఎక్కువగా ఉన్న హాడ్జ్‌కిన్ రోగుల్లో చికిత్స ఫలితాలు అంత బాగా లేవని 2010లో ఒక అధ్యయనం చెప్పిన మాట నిజమే, కానీ తరువాతి అధ్యయనాల్లో కొన్ని దానితో ఏకీభవించలేదు. ఫాలిక్యులర్ లింఫోమా అనే మరో రకంలో పాత కీమో కాలంలో కీడు సూచించిన మాక్రోఫేజ్‌లే, రిటుక్సిమాబ్ అనే మందు వచ్చాక కొన్ని అధ్యయనాల్లో మేలుకు గుర్తుగా కనిపించాయి. ఆ మందు అంటుకున్న క్యాన్సర్ కణాలను మింగేవి అవే మరి.

ప్రశ్న: మా నాన్నకు లింఫోమాకు కీమో నడుస్తున్నది. ఇమ్యూనిటీ పెరగాలని తిప్పతీగ కషాయం తాగించమంటున్నారు. తాగించవచ్చునా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: వద్దు. పై సమాధానం చదివితే, లింఫోమాలో లోపం రక్షక కణాల సంఖ్యలో లేదని మీకు అర్థమవుతుంది. వాటిని పెంచే మందేదైనా గడ్డ పక్కన ఉన్న కణాలకు ఏ దిశలో బలమిస్తుందో చెప్పలేము. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు మన దేశంలోని వైద్యులే నమోదు చేశారు, కీమో మందుల్లో కొన్నింటిని శరీరం నుంచి తొలగించేది కూడా కాలేయమే. మీ నాన్నగారికి బాగా ఉడికిన, తాజా ఆహారం, గుడ్డు, పప్పు, కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే, తెల్ల రక్తకణాలు పడిపోయి ఉండవచ్చు కాబట్టి, తెల్లవారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.