‘రన్’ అర్థాలన్నీ బట్టీ పట్టాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. బీకాం అయ్యింది, ఇంట్లోనే ఉండి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుకుంటున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. లెక్కలు, రీజనింగ్ ఫర్వాలేదు. ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థం మారేవి), ఇడియమ్స్ (జాతీయాలు) దగ్గరే మార్కులు పోతున్నాయి. ఒక్క ‘రన్’కే రెండు పేజీల అర్థాలు బట్టీ పట్టాను. మాక్ టెస్ట్‌లో అన్నీ కలగాపులగం అవుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: రెండు పేజీలతో ఆపారు, నయం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వాళ్లు ‘రన్’ పద వివరణను సవరించేసరికి క్రియగానే 645 అర్థాలు తేలాయి. ఇంగ్లిష్ పుట్టిన ఊళ్లోనూ ఇవన్నీ ఎవరికీ కంఠతా ఉండవు. ఆ జాబితా పక్కన పెట్టేయండి.

‘రన్’ అనగానే పరుగు గుర్తొస్తుంది, అక్కడే తికమక. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ‘రన్’ చేసే ఆసామి పరిగెత్తడు, నడుపుతాడు. నాగావళి శ్రీకాకుళం మీదుగా ‘రన్స్’ అంటే పారుతుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు ‘రన్నింగ్ లేట్’ అంటే ఆలస్యంగా నడుస్తోంది. ఆగకుండా సాగడం అన్నది పట్టుకుంటే ఇలాంటివి వాక్యంలోనే తెలిసిపోతాయి.

అసలు పేచీ పక్కన చేరే చిన్న మాటలతో. ‘రన్ ఇంటు’నే చూడండి. దాని తర్వాత ‘పాత స్నేహితుడు’ అన్న మాట వస్తే అనుకోకుండా ఎదురుపడటం. ‘ట్రబుల్’ వస్తే చిక్కుల్లో పడటం. లారీ చెట్టులోకి ‘ర్యాన్ ఇంటు’ అంటే గుద్దేసింది. పెళ్లి ఖర్చు ‘రన్స్ ఇంటు లాక్స్’ అంటే లక్షల్లోకి పోతోంది. కాబట్టి అర్థం కంటే ముందు, ఆ మాట తర్వాత ఏమొచ్చిందో చూడాలి. వాక్యంలో తప్పు పట్టే ఎర్రర్ స్పాటింగ్‌కీ ఇదే పనికొస్తుంది: ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ (మా దగ్గర బియ్యం అయిపోయాయి) సరైనదే, కానీ బియ్యమే కర్త అయితే ‘ఆఫ్’ రాదు, ‘ద రైస్ హాజ్ రన్ అవుట్’ అనాలి. ‘హావ్ ర్యాన్’ అని కనిపిస్తే కళ్లు మూసుకుని అదే తప్పని పెట్టండి.

ఎంత ఆలోచించినా ఊహకందనివి కొన్ని ఉంటాయి, వాటినే బట్టీ పట్టండి. ‘రన్ ఆఫ్ ద మిల్’ అంటే ప్రత్యేకత లేని మామూలు సరుకు. ‘రన్ ద గాంట్‌లెట్’ అంటే నలువైపులా దాడినో విమర్శనో తట్టుకోవడం. రెండు వరుసల మనుషుల మధ్య నుంచి పరిగెత్తిస్తూ కొట్టే పాత సైనిక శిక్ష అది. కథ తెలిస్తే మరిచిపోరు.

పాత ప్రశ్నపత్రాల్లో వచ్చినవాటికి మాత్రమే నోట్సు రాయండి. రాయాల్సింది అర్థాన్ని కాదు, మీ ఇంటి సంగతులతో ఒక వాక్యం. అనుమానమొస్తే కేంబ్రిడ్జ్ డిక్షనరీ సైటు ఉచితమే.

ఇంకో మాట. పరీక్ష తొలి దశ టైర్-1లో 100 ప్రశ్నలకు ఇంగ్లిష్‌వి 25. అందులోనే క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు నింపడం), సినానిమ్స్, స్పెల్లింగ్ అన్నీ ఉంటాయి. ఫ్రేజల్ వెర్బ్స్ మీదే పూటంతా పోయడం దండగ. రోజుకి అరగంట చాలు, మిగతా టైము ఏదైనా ఇంగ్లిష్ పేపరు సంపాదకీయం చదవండి. ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో ఒక్కటి కచ్చితంగా కాదని తేలినా మిగతావాటిలో ఒకటి పెట్టేయండి, వదిలేయకండి.